తూలే రేకుకు వంజరం ఎందుకు పడుతుంది?

ఆదివారం పొద్దున సాగర్ రోడ్డు మీద బి.ఎన్.రెడ్డి నగర్ నుంచి తుర్కయంజాల్ దాకా వస్తే చేపల బండ్లకు కొదవ ఉండదు. బొచ్చె, రవ్వ, కొర్రమట్ట చెరువు చేపలు. అక్కడక్కడా ఐసు మీద ఇంకో చేప కనిపిస్తుంది. పొడుగ్గా, వెండి రంగులో, పక్కల నిండా సన్నటి నిలువు చారలతో ఉంటుంది. అది వంజరం. విశాఖ వైపు కోనాం అంటారు. ముక్కలు కొట్టించుకునే ముందు ఒకసారి దాని నోరు తెరిపించి చూడండి. కత్తుల్లాంటి పళ్లు రెండు దవడల మీదా వరసగా ఉంటాయి. కవ్వళ్లు, కానాగడతలు లాంటి చిన్న చేపలను వెంటాడి రెండు తుంపులు చేసే పళ్లు అవి.

ఇంత చురుకైన వేటగాడిని తూర్పు తీరంలో గాలం వేసేవాళ్లు ఒక్కోసారి ఉత్త స్టీలు రేకుతో పడతారు. దానికి వాసన లేదు, రుచి లేదు, మాంసం లేదు. చాలాసార్లు దాని ఆకారం కూడా చేపలా ఉండదు. కన్ను గీసి ఉండదు, తోక ఉండదు. అయినా వంజరం వెనకనుంచి వచ్చి దవడ బిగిస్తుంది. వంజరం చూపు మందమా అంటే కాదు, పట్టపగలు వేటాడే చేప అది. మరి ఎలా మోసపోతుంది?

ఆ రేకు చేప రూపాన్ని అనుకరించదు. ప్రాణభయంతో పారిపోతూ అదుపు తప్పిన చేప చేసే ఒక తప్పును అనుకరిస్తుంది. రేకు ఎరను తయారు చేయడమంటే ఆ తప్పును కొలిచి, సరైన మోతాదులో లోహంలోకి ఎక్కించడమే.

## పడవ వెనక పరుగు

ముందు పద్ధతి తెలియాలి. నడుస్తున్న పడవ వెనక పొడవాటి తంగూసు వదిలి, దాని కొసన ఎరను లాక్కుంటూ పోవడాన్ని ట్రోలింగ్ అంటారు. సముద్రం అడుగున వల ఈడ్చే ట్రాలర్ల పని వేరు, ఇది వేరు. ఇందులో వల ఉండదు. ఒక గాలానికి ఒక చేప, అంతే.

మన తీరంలో గాలం వేటకు పేరున్న ఊరు అనకాపల్లి జిల్లాలోని పూడిమడక. అక్కడి మత్స్యకారులు మోటారు బిగించిన ఫైబరు పడవల్లో లోతు సముద్రానికి వెళ్లి ట్యూనాను, అంటే వాళ్ల సూరను, పొడవాటి ముక్కున్న కొమ్ముకోనాన్ని గాలాలతో పడతారు. విశాఖ దగ్గర తీరాన్ని ఆనుకుని ఉండే తక్కువ లోతు మెట్ట ఇరుకు. అందుకే లోతు నీళ్లు, వాటిలో తిరిగే పెద్ద వేట చేపలు ఒడ్డుకు మరీ దూరంలో ఉండవు.

ట్రోలింగులో పడవ సాధారణంగా 4 నుంచి 7 నాట్ల వేగంతో నడుస్తుంది. 5 నాట్లంటే గంటకు సుమారు 9 కిలోమీటర్లు, సెకనుకు రెండున్నర మీటర్లు. రోడ్డు మీద ఇది సైకిలు వేగం కూడా కాదు. నీటిలో లెక్క మారుతుంది. 12 సెంటీమీటర్ల కవ్వలు ఒక సెకనులో రెండున్నర మీటర్లు పోవాలంటే తన ఒంటి పొడవుకు ఇరవై రెట్ల దూరం పోవాలి. మామూలుగా తిరిగే కవ్వలు అంత వేగంగా ఈదదు. వెనక చావు తరుముతున్నప్పుడే కొన్ని క్షణాలు అంత దూకుడు చూపిస్తుంది. కాబట్టి పడవ వెనక పరుగెత్తే రేకు అసలు చెప్పే మాట ఇది: ‘నేను పారిపోతున్నాను.’ ఎర రూపకల్పనలో మొదటి సంగతి ఈ వేగమే. మిగతా కొలతలన్నీ దాన్నిబట్టే వస్తాయి.

## వెండి ఒళ్లు దాక్కోవడానికి

కవ్వళ్లు, నెత్తళ్లు, కానాగడతలు వెండిలా మెరుస్తాయని మనకు తెలుసు. బండి మీద చూస్తాం కాబట్టి, ఆ మెరుపు అందరి కంటా పడటానికే ఉందనిపిస్తుంది. సముద్రంలో ఆ మెరుపు పని సరిగ్గా దీనికి వ్యతిరేకం.

తీరానికి దూరంగా, లోతు నీటిలో వెలుతురు పైనుంచి దిగుతుంది. ఒకే లోతులో ఏ పక్కకు చూసినా వెలుతురు దాదాపు ఒకేలా ఉంటుంది. అక్కడ ఒక అద్దాన్ని నిటారుగా నిలబెడితే, అది తన ముందున్న నీటి వెలుతురునే తిప్పి చూపిస్తుంది. వెనకున్న నీరు కూడా అదే వెలుతురుతో ఉంటుంది. చూసే కంటికి అద్దం ఉన్నట్టే తెలియదు. కవ్వలు పొలుసుల్లో గ్వానిన్ అనే పదార్థపు సన్నటి పలకలు ఉంటాయి, ఆ అద్దాలు అవే. బ్రిటన్‌లోని ప్లిమత్ సముద్ర పరిశోధనశాలలో ఎరిక్ డెంటన్ 1960లలో ఈ సంగతిని విడమరిచాడు. చేప ఒళ్లు గుండ్రంగా ఉన్నా, ఆ పలకలు చర్మం వంపును అనుసరించవు, దాదాపు నిటారుగానే సర్దుకుని ఉంటాయని చూపించాడు. నాకు ఈ ఒక్క వివరం ఎన్నిసార్లు తలుచుకున్నా అబ్బురమే. గుండ్రటి ఒంటి మీద చదును అద్దాల గోడ!

ఈ దాగుడుమూతకు ఒకే షరతు ఉంది. చేప నిటారుగా ఉండాలి. దెబ్బ తగిలినా, అలసిపోయినా, బెదిరి ఒక్కసారిగా మలుపు తిరిగినా ఒళ్లు పక్కకు ఒరుగుతుంది. ఆ క్షణంలో అద్దం వంగి పైనున్న ఆకాశపు వెలుగును అందుకుని పక్కకు విసురుతుంది. అంతవరకూ కనిపించని చేప ఒక్కసారిగా తెల్లటి మెరుపై బయటపడుతుంది. నిటారైతే మాయం, ఒరిగితే మెరుపు. ఒరిగేది ఎవరు? బలహీనపడినవాడు. వేటగాడికి అందిన కబురు ఇదే.

రేకు ఎర పక్కకూ పక్కకూ ఒరుగుతూ పోతున్నప్పుడు సరిగ్గా ఈ మెరుపు, ఆరడం, మళ్లీ మెరుపు వరసను పలుకుతుంది. చేప బొమ్మ గీయకపోయినా ఫరవాలేదు అనడానికి కారణం ఇది.

## గుంపులో తేడాగా ఉన్న ఒక్కటి

కవ్వళ్లు వేలల్లో గుంపు కట్టేది కూడా రక్షణ కోసమే. అన్నీ ఒకేలా ఉండి ఒకేసారి మలుపు తిరుగుతుంటే, ఏ ఒక్కదాని మీదా వేటగాడి చూపు నిలవదు. అమెరికాలో లారీ లాండో, జాన్ టెర్బర్గ్ 1986లో ప్రచురించిన ప్రయోగం దీన్ని చక్కగా చూపించింది. బాస్ అనే వేట చేపకు ఒంటరి చిన్న చేప ఇట్టే దొరికింది. ఎనిమిదింటి గుంపు ఎదురైతే పట్టుకోవడం దాదాపు అసాధ్యమైంది. ఆ గుంపులో ఒకటి రెండింటికి నీలిరంగు వేసి వదిలితే మళ్లీ వేట సాగింది. రంగు వేసినవే కాదు, వాటి పక్కనున్న మామూలువి కూడా దొరికిపోయాయి.

ఫిన్లండ్ జాలరి లౌరి రపాలా ఇంతకు చాలా ముందే, ఏ ప్రయోగశాలా లేకుండా, సరస్సులో పడవ నడుపుతూ ఇదే గమనించాడు. గుంపులో కాస్త వంకరగా తూలే చిన్న చేపనే పెద్ద చేప ఏరుకుని పడుతోంది. 1936లో బెండు చెక్కి, మెరుపు కోసం చాక్లెట్లకు చుట్టిన వెండి కాగితం అంటించి, అలాగే తూలే ఎర తయారు చేశాడు. ఆయనది బెండు, మనది లోహం. పట్టుకున్న సూత్రం ఒకటే.

లోహపు స్పూన్ ఎరల చరిత్ర ఇంకా పాతది. అమెరికాలో జూలియో బ్యూయెల్ అనే యువకుడు తినే చెంచాను సరస్సులో జారవిడిచాడనీ, తూలుతూ దిగుతున్న దాన్ని ఒక చేప వచ్చి పట్టిందనీ కథ చెబుతారు. కథ ఎలా ఉన్నా, 1852లో ఆయనకు దక్కిన పేటెంటు మాత్రం దాఖలాల్లో ఉంది.

## రేకు ఎందుకు తూలుతుంది?

సంక్రాంతికి గాలిపటం ఎగరేసినవాళ్లకు ఈ సంగతి సగం తెలిసినట్టే. సూత్రం సరిగ్గా కట్టిన పటం గాలిలో కుదురుగా నిలుస్తుంది. ముడి కాస్త పక్కకు జరిగితే అటూ ఇటూ ఊగుతుంది. ఇంకా తప్పితే గిరగిరా తిరిగి నేలకు కొడుతుంది. రేకు ఎర నీటిలో ఎగిరే గాలిపటం. దారం స్థానంలో తంగూసు, గాలి స్థానంలో ఎదురు నీరు. తేడా ఒక్కటే: పటం కుదురుగా నిలవాలని చూస్తాం, ఎర ఎప్పుడూ ఊగుతూ ఉండాలని, అయినా ఎన్నడూ తిరగబడకూడదని చూస్తాం. కుదురుకూ గిరగిరకూ మధ్యనున్న ఆ సన్నటి సందులోనే దాని బతుకంతా.

అడుగడుగునా ఏం జరుగుతుందో చూద్దాం. రేకు ముక్కును తంగూసు లాగుతోంది. రేకుకు వంపు ఉంది కాబట్టి ఎదురు నీరు రెండు పక్కలా సమానంగా తగలదు. ఒక అంచు మీద ఒత్తిడి ఎక్కువై రేకు పక్కకు ఒరుగుతుంది. ఒరిగేసరికి నీటికి దాని ముఖం ఇంకాస్త ఎక్కువ దొరికి, ఇంకా బలంగా తోస్తుంది. ఈలోగా ముక్కు దారి నుంచి పక్కకు జరిగినందున తంగూసు దాన్ని మళ్లీ నడిమికి లాగుతుంది. రేకుకు బరువుంది, ఊపుంది. నడిమికి వచ్చి ఆగదు, అవతలి వైపుకు దాటిపోతుంది. అక్కడ రెండో అంచు మీద ఇదే కథ.

దీనికి తోడు రేకు వెనక సుడులు పుడతాయి. ఒకటి ఎడమ అంచు నుంచి, తర్వాతిది కుడి అంచు నుంచి, వంతులవారీగా విడిపోతాయి. 1911–12 ప్రాంతంలో థియొడోర్ ఫాన్ కార్మాన్ లెక్కగట్టి చూపిన సుడుల వరస ఇదే. సుడి విడిపోయిన ప్రతిసారీ రేకు తోకకు ఎదురు దిశలో చిన్న తోపు తగులుతుంది. ఊగడం ఒకసారి మొదలయ్యాక ఆగకుండా నడిపించేది ఈ తోపులే.

ఈ సుడులు వేటగాడికి ఇంకో దారిలో కూడా చేరతాయి. చేప ఒంటి పక్కన తల నుంచి తోక దాకా ఒక గీత ఉంటుంది. బండి మీద చేపను పట్టి చూస్తే కనిపిస్తుంది. ఆ గీత వెంబడి నీటి కదలికను పసిగట్టే సన్నటి వెంట్రుకల్లాంటి కణాలు ఉన్నాయి. ఒకటి రెండు ఒంటి పొడవుల దూరంలో నీరు కదిలితే చాలు, అది తెలిసిపోతుంది. దూరం నుంచి మెరుపు పిలుస్తుంది. దగ్గరికి వచ్చాక సుడుల వరస ‘ఇది ఈదుతున్నదే’ అని నమ్మిస్తుంది. రెండూ కుదిరితేనే నోరు తెరుచుకుంటుంది.

> ఇంట్లోనే చూడండి
>
> దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ స్టీలు సామాన్ల కొట్టులోనైనా దొరికే చవక టీ చెంచా ఒకటి, పాత అల్యూమినియం చెంచా ఒకటి తీసుకోండి. రెండింటి కాడలూ కోసేయండి. నీళ్లు నిండిన లోతైన డ్రమ్ములో వాటిని ఒకదాని తర్వాత ఒకటి అడ్డంగా పట్టి వదలండి. తిన్నగా దిగవు. ఒక పక్కకు జారి, ఆగి, రెండో పక్కకు జారుతూ దిగుతాయి. అల్యూమినియంది నెమ్మదిగా దిగుతుంది. స్టీలుది తొందరగా మునుగుతుంది. ఒకే ఆకారం, బరువు వేరు, నడక వేరు.
>
> జారే కాగితపు ముక్క ఎందుకు తిరుగుతుందో 1854లోనే ఒక వ్యాసంలో వివరించాలని చూసినవాడు జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్. విద్యుదయస్కాంత సిద్ధాంతంతో ప్రపంచానికి తెలిసిన అదే మాక్స్‌వెల్. ఈ కదలిక మీద శాస్త్రవేత్తలు ఇప్పటికీ పని చేస్తూనే ఉన్నారు.

## కొలతలు ఏం చేస్తాయి?

వంపు లోతుగా ఉంటే ఊపు పెద్దది. తక్కువ వేగంలోనే రేకు మేలుకుంటుంది, కానీ వేగం పెరగ్గానే తిరగబడుతుంది. వంపు తక్కువై, రేకు సన్నగా పొడుగ్గా ఉంటే ఊపు చిన్నది, వడి ఎక్కువ. అది వేగాన్ని తట్టుకుంటుంది, నెమ్మదిగా లాగితే మాత్రం చచ్చినట్టు తిన్నగా వస్తుంది. ట్రోలింగు రేకులు సన్నగా, పొడుగ్గా, కాస్త మందంగా కనిపించడానికి కారణం ఇదే.

మందం అంటే బరువు. 8 సెంటీమీటర్ల పొడవు, 2 సెంటీమీటర్ల వెడల్పు, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం ఉన్న ఆకు ఆకారపు స్టీలు రేకు సుమారు 15 గ్రాములు తూగుతుంది. అదే కొలతలతో అల్యూమినియంలో చేస్తే 5 గ్రాములే. ఇత్తడి స్టీలు కంటే కొంచెం ఎక్కువ. సీసం ఇంకా బరువు, కానీ మెత్తన. వంజరం పళ్లకు గాట్లు పడతాయి, పైగా విషం. నీళ్లలో వదిలే వస్తువుకు సీసం వాడకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం.

వేగంతో వచ్చే చిక్కు ఒకటుంది, దీన్ని పట్టించుకోకే చాలా ఎరలు పాడవుతాయి. నీటి తోపు వేగంతో పాటు సమానంగా పెరగదు. వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది. రేకును నిలబెట్టే బరువు మాత్రం 15 గ్రాములు 15 గ్రాములే. 3 నాట్ల దగ్గర అందంగా తూలిన రేకు 6 నాట్ల దగ్గర గిరగిరా తిరగడానికి లోపం ఎక్కడో లేదు. తోపు నాలుగింతలైంది, సర్దుకునే శక్తి అలాగే ఉండిపోయింది. తిరిగే రేకు చేపను మోసగించదు సరికదా, తంగూసునంతా పురిపెట్టి ముడులు వేస్తుంది. మధ్యలో స్వివెల్ అనే తిరిగే కీలు బిగించేది ఆ పురిని విప్పడానికే. మంచి స్వివెల్ చెడ్డ రేకును కాపాడలేదు, నష్టాన్ని తగ్గిస్తుంది, అంతే.

ఇంకో లెక్క చూడండి. పడవ వెనక 50 మీటర్ల తంగూసు వదిలారు, దాని మందం ఒక మిల్లీమీటరు. ఆ తంగూసంతా నీటికి అడ్డంగా నిలిస్తే 500 చదరపు సెంటీమీటర్ల అడ్డం. రేకు ముఖం 12 చదరపు సెంటీమీటర్ల చుట్టుపక్కల. నిజానికి తంగూసు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి అంత అడ్డం పడదు. అయినా నీటిని చీల్చుకుంటూ పోయేది ఎక్కువగా తంగూసే. అది రేకును పైకి లేపేస్తుంది. లోతుకు దింపాలంటే రేకు బరువు పెంచడం కన్నా తంగూసు మందం తగ్గించడం ఎక్కువ పని చేస్తుంది. వంజరం పళ్లకు సన్న తంగూసు ఒక్క కాటుకు తెగుతుంది గనుక చివరి కొద్ది పొడవుకు స్టీలు తీగ కట్టాలి. ఆ తీగ మరీ మొద్దుగా ఉంటే ముక్కు బరువెక్కి ఊపు చస్తుంది. ఒకటి సర్దితే ఇంకోటి కదులుతుంది. ఎర తయారీ అంతా ఇలాంటి బేరమే.

## ఆటోనగర్‌లో ఒక రేకు

వనస్థలిపురం ఆటోనగర్‌లో ఒక షెడ్డులో పనివాడి చేత రేకు కోయించాను. కాగితం మీద గీసిన ఆకు ఆకారాన్ని స్టీలు పలక మీద అంటించి, గ్రైండరుతో అంచు కోసి, ముందూ వెనకా రెండు బెజ్జాలు వేశాడు. మొద్దు చెక్క మీద చిన్న గుంట తొలిచి, అందులో రేకు పెట్టి, సుత్తి గుండ్రటి తలతో మెల్లగా కొట్టి వంపు తెచ్చాడు. వంపు లోతు ఎక్కడ ఎక్కువ ఉండాలో నేను చెప్పాను: నడిమికి కాదు, తోక వైపు మూడో వంతులో. అక్కడుంటే తోక తన్నుతుంది, ముక్కు నడక పట్టుకుంటుంది.

తర్వాత అతను బఫింగ్ చక్రం తిప్పబోయాడు.

“అద్దం లెక్క చేసిస్త సార్. మీ ముఖం గూడ కనబడ్తది.”

“అద్దం వద్దన్నా. సుత్తితో సన్నసన్నటి గాట్లు వెయ్యవా, మొత్తం మీద.”

“మంచిగున్న రేకును ఖరాబ్ చేసుడెందుకు సార్?”

అతని ప్రశ్న సబబైనదే. నున్నటి అద్దం వెలుగును ఒకే దిక్కుకు గట్టిగా విసురుతుంది. ఆ దారిలో చేప లేకపోతే ఆ మెరుపు ఎవరికీ కనబడదు. సన్నటి గాట్లు పడ్డ రేకు మీద ఒక్కో గాటూ ఒక చిన్న అద్దం. ఒక్కోటీ ఒక్కో దిక్కుకు చిటుక్కుమని మెరుస్తుంది. మెరుపు బలం తగ్గుతుంది, కానీ చుట్టూ ఎటు నుంచి చూసినా ఏదో ఒకటి కనిపిస్తుంది. లోతు నీలంలో దూరం నుంచి పిలవాలంటే నున్నటి ముఖమే మేలు. తీరం దగ్గరి కలక నీటిలో, చేప ఎటునుంచి వస్తుందో తెలియని చోట, గాట్లది పైచేయి. ఇది చెప్పాక అతను ఒక ముఖాన్ని అద్దంలా, రెండో ముఖాన్ని గాట్లతో చేసిచ్చాడు. నాకు తట్టని ఆలోచన అది, బాగుంది కూడా.

> నీటిలో రంగులు
>
> నీరు మొదట మింగేది ఎరుపును. తేట సముద్రంలో కూడా పది మీటర్లు దిగేసరికి ఎరుపు చాలావరకు పోతుంది. నీలం అన్నిటికన్నా లోతుకు చేరుతుంది. ఎర మీద పూసిన ఎర్రరంగు లోతులో ముదురు మచ్చలా తప్ప ఎరుపుగా కనబడదు. లోహపు రేకుకు ఈ బెడద లేదు. అక్కడ ఏ రంగు వెలుతురు ఉంటే దాన్నే తిప్పి పంపుతుంది.
>
> గోదావరి, కృష్ణ నీరు కడలిలో కలిసే చోట, వానల తర్వాత సముద్రం పచ్చగా, మట్టిరంగుగా మారుతుంది. అటువంటి నీటిలో నీలం తొందరగా ఆగిపోయి పసుపు, పచ్చ వెలుతురు మిగులుతాయి. ఇత్తడి రేకు పనికొచ్చేది అప్పుడే.

## ఉప్పునీటి దెబ్బ

రేకు ఇత్తడి, గాలం మామూలు ఉక్కు అయితే ఉప్పునీటిలో రెండూ కలిసి ఒక చిన్న బ్యాటరీ అవుతాయి. నష్టపోయేది ఉక్కు గాలమే. దాన్ని రేకుకు కలిపే రింగు తగిలే చోట మొదట తుప్పు పట్టి సన్నబడుతుంది. పెద్ద చేప లాగిన రోజున అక్కడే తెగుతుంది. రేకూ, రింగూ, గాలమూ ఒకే రకం స్టీలువి వాడితే ఈ తగవు ఉండదు. సముద్రానికి 316 రకం స్టీలు మేలు, వంట సామాన్లకు వాడే 304 కాస్త తక్కువ. ఏదైనా సరే, ఒడ్డుకు రాగానే మంచినీళ్లతో కడగాలి.

## మాసబ్ చెరువుకు ఇది పనికొస్తుందా?

తుర్కయంజాల్‌లో మాసబ్ చెరువు గట్టున గాలం వేసేవాళ్లు ఇదే రేకు వాడొచ్చా అని అడగడం సహజం. పనికిరాదు. ఇక్కడ పడవ లేదు, పరుగు లేదు. కట్ట మీద నిలబడి చేత్తో చుట్టే వేగం సెకనుకు ఒక మీటరు కూడా దాటదు. ఆ వేగానికి ట్రోలింగు రేకు తిన్నగా వచ్చి అడుగున చెట్టూ చేమలో చిక్కుకుంటుంది. ఇక్కడ కావలసింది పల్చటి, వెడల్పాటి, లోతు వంపు ఉన్న చిన్న రేకు. లాగడం ఆపినప్పుడు కూడా ఆకులా తూలుతూ దిగాలి.

ఇక్కడి వేటగాడు కొర్రమట్ట, తెలంగాణ రాష్ట్ర చేప. అది వంజరంలా తరమదు. కలుపు మాటున పొంచి ఉండి, దగ్గరికొచ్చినదాని మీద ఒక్క దూకు దూకుతుంది. దానికి దూరపు మెరుపు కన్నా దగ్గరి కదలిక ముఖ్యం. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. కొర్రమట్ట తన పిల్లల గుంపును కాపలా కాస్తుంది. నీటి మీద ఎర్రటి చిన్న పిల్లలు ముద్దలా తేలుతుంటే అక్కడ రేకు వేయకండి. అది ఆకలితో కాటు వేయదు, పిల్లల మీదికి వచ్చినదాన్ని తరమడానికి వేస్తుంది. కాపలాదారును పడితే ఆ గుంపంతా ఇతర చేపల పాలవుతుంది.

## ఒక గాలం, ఒక చేప

ఇంత చిన్న రేకు గురించి ఇంత ఆలోచించడం దేనికి? గాలం వేట తనకు కావలసిన చేపనే ఏరుకునే వేట. అడుగు గీరే వలలో చిక్కి చచ్చే చిన్న చేపలు, మన తీరంలో గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ట్రోలింగు గాలానికి పడటం చాలా అరుదు. పడిన చేపను వెంటనే పైకి తీసి, చంపి, ఐసులో పెట్టొచ్చు. ట్యూనా విషయంలో ఇది డబ్బు. వెచ్చటి రక్తం ఉన్న చేప అది. ఎక్కువసేపు గింజుకుంటే ఒళ్లు వేడెక్కి కండ రంగు, బిగువు పోతాయి, పచ్చిగా తినే విదేశీ మార్కెట్లలో ధర పడిపోతుంది.

లక్షద్వీపంలోని మినికాయ్ మత్స్యకారులు కర్ర గాలాలతో ట్యూనా పడతారు. వాళ్ల గాలానికి ఎదురుముల్లు ఉండదు, కాడకు మెరిసే లోహపు ఒళ్లు ఉంటుంది. గుంపు వేట మీద ఉన్నప్పుడు ఆ మెరుపు ఒక్కటే చాలు. ఎదురుముల్లు లేదు కాబట్టి చేప పడవలో పడగానే గాలం తనంతట విడిపోతుంది, మళ్లీ వెంటనే నీటిలోకి. ట్రోలింగు రేకుకు కూడా ఎదురుముల్లు నొక్కేసిన ఒంటి గాలం వాడొచ్చు. తంగూసు బిగువు పడవే చూసుకుంటుంది, చేప జారేది తక్కువ. వద్దనుకున్న చేపను గాయం పెద్దది కాకుండా వదిలేయవచ్చు.

చేప ఎక్కడుందో వెతకడానికి తగలబడే డీజిలు పడవకు పెద్ద ఖర్చు. ఇక్కడ హైదరాబాదుకు ఒక పాత్ర ఉంది. ప్రగతి నగర్‌లోని ఇన్‌కాయిస్, భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, 1999లో ఏర్పడింది. ఉపగ్రహాలు పంపే సముద్రపు పై నీటి వేడిమిని, నాచుకణాల పచ్చదనాన్ని కలిపి చూసి, చేపలు గుమిగూడే చోట్లను తెలుగుతో సహా తీర భాషల్లో మత్స్యకారులకు తెలియజేస్తుంది. చల్లటి నీరూ వెచ్చటి నీరూ కలిసే గట్టు మీద నాచు పెరుగుతుంది, దాని కోసం చిన్న చేపలు, వాటి కోసం కోనాం, సూర వస్తాయి. సముద్రానికి దాదాపు 300 కిలోమీటర్ల దూరంలో ఉన్నా ఆ గట్టు ఎక్కడుందో ప్రగతి నగర్ కంప్యూటరుకు తెలుస్తుంది.

ఆ చోటికి పడవ పోవాలి, తిరిగి రావాలి. ఆ ప్రయాణపు గంటలు ఇప్పుడు చాలా పడవలకు వట్టి ఖర్చు. అందుకే నేను రేకుకు మొదట అడిగే ప్రశ్న ఏ చేపకు అని కాదు, ఈ పడవ మామూలుగా ఎంత వేగంతో పోతుంది అని. 7 నాట్లతో పోయే పడవకు 7 నాట్ల దగ్గర తిరగబడని, 4 నాట్ల దగ్గర చచ్చిపోని రేకు గీయగలిగితే వెళ్లే దారి, వచ్చే దారి రెండూ వేట అవుతాయి. దానికి రేకు సన్నబడాలి, తోక వైపు మందం పెరగాలి, వంపు మిల్లీమీటరులో భాగం తగ్గాలి. గీసి, కోసి, నీటిలో లాగి చూసి, మళ్లీ సర్దాల్సిన పని. పొడవు ఎంత ఉండాలన్నది కూడా తయారుచేసేవాడి చేతిలోనే ఉంది. 6 సెంటీమీటర్ల రేకుకు పిల్ల ట్యూనాలు ఎగబడతాయి. 12 సెంటీమీటర్ల రేకు వాటి నోటికి ఎక్కువ, ఒకసారైనా గుడ్లు పెట్టే వయసుకు వచ్చిన చేపలే దాని మీదికి ఎక్కువగా వస్తాయి. ఆటోనగర్ పనివాడు కాగితం మీది గీతను స్టీలు మీదికి దించేటప్పుడు, ఆ గీత పొడవు ఎంతో నేను ముందే తేల్చుకుని ఉండాలి.